పెచ్చు లేవకుండా

అంబత్తూరు ఫ్యాక్టరీల ఎస్టేట్‌లో మొదటి షిఫ్టు సైరను మోగేసరికి గోవిందమ్మ వాకిలి ఊడ్చి, ముగ్గేసి, కాఫీ తాగి, అరుగు మీద కూర్చునే ఉంటుంది. ఆవిడ ముందు అప్పటికే నలుగురైదుగురు చేరి ఉంటారు. ఒకరి చేతిలో వంగిన గరిటె, ఒకరి చేతిలో సొట్టపడిన బిందె, ఇంకొకాయన ఏకంగా కొట్టు షట్టరు కడ్డీనే భుజాన వేసుకొస్తాడు. గోవిందమ్మ వాటిని ఒళ్లో పెట్టుకుని, పూరీపిండి సర్దినట్టు వేళ్లతో నొక్కి, సాగదీసి, తిన్నగా చేసి ఇచ్చేస్తుంది. ఇనుమైనా స్టీలైనా ఆ వేళ్ల కింద మెత్తబడాల్సిందే. పరధ్యానంగా పట్టుకుంటే చాలు, ఎదురొచ్చి మరీ వంగుతుంది. వాళ్లింట్లో కాఫీ గ్లాసులన్నిటికీ వేళ్ల గుంటలుంటాయి. డెబ్బై ఏళ్లావిడకి ఇదెలా వచ్చిందని ఆ వీధిలో ఎవరూ అడగరు. ఫలానా ఇంట్లో కరివేపాకు చెట్టున్నట్టే ఈ ఇంట్లో గోవిందమ్మ ఉంది, అంతే.

అయితే ఆ వేళ్లకి ఒక లోపముంది. ఇనుము వాటి మాట వింటుంది గాని ఇనుము మీదున్నది వినదు. పక్కింటివాళ్ల పచ్చగేటు సరిచేస్తే రంగంతా పెచ్చులు పెచ్చులుగా లేచి వాకిట్లో రాలింది. మనవరాలు జనని చిన్నప్పటి మూడు చక్రాల సైకిలుకి హ్యాండిల్ వంగిందని పట్టుకుంటే, ఎర్రరంగు ఒక్క చుక్క మిగల్లేదు. పిల్ల ఏడ్చిన ఏడుపుకి వీధి వీధంతా వచ్చి చూసింది. అప్పట్నుంచి రంగేసిన వస్తువులు ఎవరూ ఆవిడ దగ్గరకు తేరు. తెచ్చినా ఆవిడ ముట్టదు.

ఆ జననే ఇప్పుడు ఇంటి వెనక షెడ్డులో కార్ల సస్పెన్షన్ వర్క్‌షాపు నడుపుతోంది. అమ్మానాన్నలకి హోసూరులో ఉద్యోగాలు. ఈ పిల్ల మాత్రం డిప్లొమా చదివి అవ్వ దగ్గరే ఉండిపోయింది. కారు షెడ్డులోకి వచ్చే చప్పుడుకే ఏ బుష్ అరిగిందో చెప్పేస్తుంది. నోరూ తక్కువేం కాదు.

ఆ పిల్లకి మూడేళ్ల కిందట స్కూటరు మీంచి పడి ఎడమకాలు విరిగింది. డాక్టర్లు తొడ ఎముకకి మోకాలి దాకా స్టీలు ప్లేటు బిగించారు. ఎముక చక్కగా అతుక్కుంది. పోయిన ఆడిమాసంలో, అదే ఆషాఢంలో, షెడ్డులో ఆయిల్ మీద జారి పడితే ఎముకకేమీ కాలేదు గాని, ప్లేటు కింది కొస వంగింది. అడుగేస్తే మోకాలి దగ్గర రాసుకుంటుంది. గొంతుక్కూచోవడం అసలే కుదరదు. మళ్ళీ కోసి ప్లేటు తీసెయ్యాలన్నారు. తీశాక మోకాలు ఇదివరకట్లా మడుచుకుంటుందా అని జనని అడిగితే, "చూద్దాం" అన్నారు. వచ్చే సోమవారం ఆస్పత్రిలో చేరాలి. మోకాలు మడుచుకోకపోతే చక్రం పక్కన కూర్చోలేదు. చక్రం పక్కన కూర్చోలేని రోజు తన వర్క్‌షాపు ఉన్నా లేనట్టేనని జననికి తెలుసు.

ప్లేటు వేసిన నాటి నుంచి గోవిందమ్మ ఆ కాలు ముట్టుకోలేదు. శుక్రవారం శుక్రవారం మనవరాలికి నూనె రాసి తలంటు పోస్తుంది గదా, కుడికాలికి అరికాలి దాకా రాసి, ఎడమకాలు వదిలేస్తుంది. చర్మం కింద ఇనుముంది. తన వేళ్లు తగిలితే ఇనుము కదులుతుంది, పైనున్నది పగులుతుంది. గేటుకైతే మళ్ళీ రంగేసుకోవచ్చు. ఈ భయాన్ని ఆవిడ ఏనాడూ బయటపెట్టలేదు.

ఆ గురువారం పొద్దున చంద్రు వచ్చాడు. జార్జి టౌన్‌లో ఇంగువ హోల్‌సేలు చేసే కుటుంబంలో పిల్లవాడు. అతనికంటే ముందు ఇంగువ వాసన వస్తుంది. వెనకాలే నీలం రంగు కారు, కడుపు నేలకి ఆనేంత కిందకి దించి ఉంది. షెడ్డు ముందు పడుకునే కుక్క అలవాటుగా దాని కింద దూరబోయి, తల తగిలి, అవమానంగా వెళ్లిపోయింది.

"అక్కా, స్ప్రింగులు మార్చి దించినా. చూసేదానికి సూపర్‌గా ఉండాది. కానీ వెనకాల ఇద్దరు కూర్చుని స్పీడ్ బ్రేకర్ ఎక్కినామంటే కుడిపక్క టైరు సర్రుమని రాసుకుంటాది," అన్నాడు చంద్రు.

"పైన పటారం, లోన లొటారం," అంది గోవిందమ్మ గుమ్మంలోంచి.

"కొంచెం పైకెత్తేస్తే సరిపోతాది గదా చంద్రూ?" జనని నవ్వింది.

"అయ్యో, అది మాత్రం చెప్పొద్దక్కా. ఎత్తితే మా నాయన కారు మాదిరి అయిపోతాది."

జనని ముందు రోగం ఎక్కడుందో చూద్దామంది. షెడ్డులో పనిచేసే ముత్తురాజ్ చేత ముగ్గుపిండి తడిపించి, వెనక చక్రం పైనున్న ఫెండరు లోపలి అంచుకి పూయించింది. బరువు కోసం వెనక సీట్లో ముత్తురాజ్‌నీ, అవ్వనీ ఎక్కించింది. గోవిందమ్మ చేతులు రెండూ చీరకొంగులో చుట్టుకుని, ఏదీ తగలకుండా ఒదిగి కూర్చుంది. చంద్రు సర్వీసు రోడ్డు మీదకి పోయి స్పీడ్ బ్రేకరు ఎక్కించి దించి తీసుకొచ్చాడు. చూస్తే అంచు మీద జానెడు మేర పిండి తుడుచుకుపోయింది. ఆ పిండి టైరు భుజానికి విభూతి పట్టెలా అంటుకుంది.

"చక్రం బయటికి కనబడాలని స్పేసర్ బిళ్ల ఏసుకున్నావే, అది ముందు తీసేయాల. దాంతో సగం పోతాది," అంది జనని. "మిగతా సగానికి ఈ అంచు మడవాల. లోపలికి వేలెడు రేకు నిలబడి ఉండాది చూడు, దాన్ని పైకి మడిచి అణిచేస్తే టైరుకి దావ దొరుకుతాది."

చంద్రు ముఖం చిన్నబోయింది. "ఎడమపక్కది ఇంకో షాపులో మడిపించినా అక్కా. పెయింట్ పగిలి తుప్పు పట్టింది. ఈ నీలం ఇప్పుడు కంపెనీవాళ్లే వేయడంలేదు. దీనికేమన్నా అయితే నాకు అన్నం దిగదు."

ముత్తురాజ్ చక్రం ఊడదీసి, స్పేసర్ తీసి పక్కన పెట్టాడు. అంచు మడిచే పని ఎప్పుడూ జననిదే. పక్కన గొంతుక్కూచుని, ఒక చేత్తో రోలరు తిప్పుతూ, ఇంకో చేత్తో పైనుంచి పెయింటు నాడి పట్టుకుని చేయాలి. ఆమె కారు పట్టుకుని నెమ్మదిగా కిందకి వంగింది. సగంలో మోకాలు కలుక్కుమంది. పళ్లు బిగించి ఇంకాస్త వంగింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పక్కకి తిరిగి, ముఖాన చెమట తుడుచుకున్నట్టు తుడుచుకుంది.

అది గోవిందమ్మ కంట పడింది. ఆవిడ కొంగులోంచి చేతులు బయటికి తీసింది.

"లే పాపా. నేను చేస్తా."

"నువ్వా? అవ్వా, ఇది పెయింట్ అవ్వా!"

"తెల్సులే. అది ఎందుకు పగులుతుందో నువ్వు చెప్పు. నాకు తెలియక గదా ఇన్నేండ్లు దూరంగా ఉండింది."

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. డెబ్బై ఏళ్లలో గోవిందమ్మ ఎవర్నీ ఈ మాట అడగలేదు, అడగాలని తోచనూ లేదు. జనని కారుకి ఆనుకుని అవ్వకేసి తిరిగింది. వివరంగా చెప్పింది.

"చల్లగా ఉన్నప్పుడు తొందరపడితే పగులుతుందవ్వా. నువ్వు పట్టుకుంటే రేకు గబుక్కున పోతాది. పైనుండే పెయింట్ దానెనకాల పోలేదు. ముందు దాన్ని వెచ్చజేయాల. చెయ్యి పెడితే ఓర్చుకునేంత వేడి, అంతే. మళ్ళీ ఈ కొస నుంచి ఆ కొస దాకా కొంచెం కొంచెం పోవాల. ఒక చోటే ముగించేద్దామనుకోగూడదు."

"అంటే కజ్జికాయ అంచు మడిచినట్టు."

"అట్లనే. నూనెలో వేయంగానే విడిపోకూడదు గదా, అట్ల."

"అక్కా..." అన్నాడు చంద్రు పీలగా.

"నువ్వు పోయి టీ తాగిరా పా," అని జనని అతన్ని పంపించేసింది. అతను పోలేదు, స్తంభం వెనక నిలబడ్డాడు.

గోవిందమ్మ పీట వేసుకుని చక్రం గూడు ముందు కూర్చుంది. ముత్తురాజ్ వేడిగాలి గన్ను పట్టాడు. జనని నిలబడే వంగి, అరచేయి నీలం రంగు మీద ఆనించింది. వేడి చాలనగానే గోవిందమ్మ లోపలి నుంచి వేళ్లు పెట్టింది. ఇనుము ఎప్పట్లానే ఎగబడి ఎదురొచ్చింది. ఆవిడ వేళ్లు వెనక్కి తీసుకుంది. మళ్ళీ పెట్టింది. ఈసారి ముందు పైనున్నదేమిటో చూసుకుంది. పలచని పొర, వేడికి బిగువు సడలి, సాగడానికి కాస్త సమయం ఇమ్మంటున్న పొర. ఇన్నేళ్లూ అది అక్కడుందన్న సంగతే తను పట్టించుకోలేదు.

"ఆగు. ఇప్పుడు. ఆగవ్వా... ఇప్పుడు," అంటోంది జనని.

ఇటునుంచి అటు ఒకసారి, అటునుంచి ఇటు ఒకసారి. రేకు రవ్వంత, దాని వెంట రంగు రవ్వంత. చివరికి అంచు పైకి మడుచుకుని, అణిగి, లోపలి గోడకి అతుక్కుపోయింది. జనని ఫోను లైటు వేసి ఆ మేరంతా వెతికింది. వెంట్రుకంత చీలిక లేదు, ఒక్క పెచ్చు లేవలేదు.

ఇల్లలకగానే పండగ కాదు గనక మళ్ళీ ముగ్గుపిండి పూశారు. చక్రం బిగించి, ఈసారి వెనక ముగ్గురిని ఎక్కించి, ఉన్న స్పీడ్ బ్రేకర్లన్నీ ఎక్కించారు. తిరిగొచ్చి చూస్తే పిండి పూసింది పూసినట్టే ఉంది. చంద్రు కారు చుట్టూ తిరిగి, గోవిందమ్మ కాళ్లకి దణ్ణం పెట్టి, ఎడమపక్క తుప్పు కూడా మీరే చూడాలని మాట తీసుకుని వెళ్లాడు. ఇంగువ వాసన మాత్రం సాయంత్రం దాకా ఉండిపోయింది.

గోవిందమ్మ ఆ పూట అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయింది. సీరియల్ పెట్టుకుని తెరకేసి చూడలేదు. తన వేళ్లకేసే చూసుకుంది. రంగు కింద రేకు. చర్మం కింద ప్లేటు. తెలియనప్పుడు ముట్టకపోవడం మంచిదే. తెలిశాక కూడా ముట్టకపోతే అది పిరికితనం, గోవిందమ్మ తన గురించి ఏమైనా ఒప్పుకుంటుంది గాని పిరికిదాన్నని ఒప్పుకోదు.

మర్నాడు శుక్రవారం. తలంటుకి నువ్వుల నూనె కాచింది, పక్కనే నీళ్లు కాచి తుండుగుడ్డ ముంచింది. జనని పీట మీద కూర్చుని అలవాటుగా కుడికాలు చాపింది.

"అది కాదు. ఎడమకాలు చాపు," అంది గోవిందమ్మ.

జనని తలెత్తింది. కుడికాలు వెనక్కి తీసుకుంది.

"ఇన్నాళ్లు నేను దాన్ని ఎందుకు ముట్టలేదో నీకు తెల్సునా?"

"తెల్సవ్వా. నా ఎర్ర సైకిలు నేను మరిచిపోతానా?" జనని ఎడమకాలు చాపింది. "అడుగుదామనే అనుకున్నా. నువ్వు భయపడతావని అడగలేదు."

"ఇప్పుడూ భయంగానే ఉండాది. అయినా చేస్తా. నువ్వు చెయ్యి పెట్టు, నిన్నటి మాదిరి చెప్పు."

వేడిగుడ్డ కప్పింది. తీసింది, మళ్ళీ ముంచి కప్పింది. చర్మం ఎర్రబడి మెత్తబడ్డాక నూనె పట్టించింది. జనని మోకాలి పైన అరచేయి ఆనించింది. గోవిందమ్మ వేళ్లు పక్కనే వాలాయి. లోపల స్టీలు ఉలిక్కిపడి కదలబోయింది.

"నిదానం," అని గోవిందమ్మ దానికే చెప్పింది, పెద్దగా.

"ఆగు... ఇప్పుడు. ఆగవ్వా. నొప్పి... ఆగు. సెరి, ఇప్పుడు."

కొంచెం కొంచెంగా. ప్లేటు కొస ఎముక వైపు ఒరుగుతుంటే కండ వెంట రావడానికి ఆగింది. కండ వచ్చాక చర్మం కోసం ఆగింది. మధ్యలో నీళ్లు చల్లారితే మళ్ళీ కాచుకొచ్చింది. ఒకచోట జనని పీట అంచు పట్టుకుని గట్టిగా కేక వేసింది. గోవిందమ్మ చెయ్యి తీయలేదు, తొందరపడనూ లేదు. ప్లేటు కొస తిన్నగా ఎముకని ఆనుకుని పడుకున్నాక వేళ్లు ఒక్కొక్కటిగా ఎత్తింది. తుండుతో నూనె తుడిచి, వెలుతురులోకి తిప్పి చూసింది. పాత కుట్ల గీత ఉంది. కొత్త గీత ఏదీ లేదు.

గోవిందమ్మ మిగిలిన నూనె మనవరాలి తలకి పెట్టింది. ఇంతలో షెడ్డులోంచి ముత్తురాజ్ అరిచాడు, పొద్దున వచ్చిన వ్యాను ముందు చక్రం ఊడి రావడంలేదని, ఏదో పట్టేసిందని.

"ఏం పట్టేస్తాది, నువ్వు సుత్తి తీయొద్దు, ఉండు!" అంటూ జనని నూనె జుట్టు ముడేసుకుని పరుగున పోయింది. వ్యాను పక్కన ఆగి, చక్రం ముందు గొంతుక్కూచుని, తల లోపలికి పెట్టింది. నట్టు ఒకటి వేలికి గీసుకుంది, తిట్టింది, స్పానరు అడిగింది. అప్పుడు తన మోకాలికేసి చూసుకుంది. రెండు కాళ్లూ సమంగా మడుచుకుని ఉన్నాయి.

"అవ్వా," అంది అక్కణ్నుంచే. "రాసుకోవడంలే అవ్వా."

తలంటు నీళ్లు పెరట్లో చల్లారిపోతున్నాయి. గోవిందమ్మ మనవరాల్ని లేవమనలేదు. ఆ పిల్ల ఇంకాసేపు అలాగే కూర్చుంటే చూడాలనుకుని, గడపలో కూలబడి, నూనె చేతులతోనే ముఖం కప్పుకుని పైకే ఏడ్చింది.