ఎత్తేసిన వరుస

నాలుగింటికి వ్యాను వస్తుంది, ఆలోగా గెజిట్ అచ్చు కావాలి. సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటర్‌కు ఇక ఆఖరి వరుసే మిగిలింది.

ఆమె పేర్చింది కొత్త శాసనం. మొదటి వరుస: ఆడపిల్లలకు ఇకపై వైద్య కళాశాలలో ప్రవేశం లేదు. రెండో వరుస: ఇప్పటికే చేరినవారి పేర్లు కూడా కొట్టివేయాలి. ఆమె కూతురు చేరి మూడు నెలలైనా కాలేదు. ఆ రెండో వరుసను ఆమె మెల్లగా ఎత్తేసి జేబులో వేసుకుంది.

పన్నెండేళ్ళ క్రితం, తిరుగుబాటు రోజుల్లో, ఆమే, వదినా నేలమాళిగలో దొంగచాటుగా కరపత్రాలు అచ్చేశారు. "విప్లవానికి చేతులు మీరేనమ్మా" అని అప్పట్లో ఆకాశానికెత్తిన పెద్దమనిషే ఇప్పుడు ప్రెస్ సూపరింటెండెంట్. గెలిచాక ఆయనగారికి ఆడవాళ్ళ చోటు వంటిల్లని గుర్తొచ్చింది, పాపం!

ప్రూఫ్ రీడరు ఆ వదినే, కంపోజిటర్ భర్తకు అక్క. వదిన అసలు కాగితం పైకి చదవాలి, కంపోజిటర్ ప్రూఫు చూస్తూ వినాలి, అదీ ఆ ప్రెస్సు పద్ధతి. ముందుగా చెవిన వేసే వ్యవధి దొరకలేదు. సూపరింటెండెంట్ కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు.

"కానివ్వండి. నాయకుడి సంతకంతో అచ్చయ్యాక సవరణ ఉండదు, తెలుసుగా?"

వదిన మొదటి వరుస చదివింది. రెండోదాని దగ్గర ఆగి, ప్రూఫు వంక చూసి, మరదలి ముఖం చూసింది. కంపోజిటర్‌కు ప్రూఫు మీంచి తల ఎత్తే ధైర్యం లేకపోయింది.

"ఏమైంది?"

"కళ్ళజోడు మసకేసిందండీ." వదిన రుమాలుతో తుడుచుకుని నేరుగా మూడో వరుస అందుకుంది. గొంతు తొణకలేదు. చివర్న ప్రూఫు సరిచూసినట్టు తాపీగా సంతకం పెట్టింది.

ఆయన అటు వెళ్ళగానే కంపోజిటర్ గుసగుసలాడింది. "బయటపడితే ఎలా వదినా?"

"సంతకం నాది, నీకెందుకే? అది డాక్టరయ్యాక ముందు నా మోకాళ్ళ నొప్పి చూడమను."

కంపోజిటర్‌కు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

నాలుగు రోజులకు బయటపడింది. నాయకుడి కాగితంలో తప్పుందని ఒప్పుకునే ప్రభుత్వమా అది? గెజిట్ అలాగే ఉండిపోయింది. కూతురు పుస్తకాలు పట్టుకుని కాలేజీకి వెళ్ళింది. తప్పంతా తనదేనని వదిన రాసిచ్చిందట.

ఆమె కుర్చీలో కొత్తాయన కూర్చుని కాగితం తీశాడు. వదినను ఎక్కడికి తీసుకెళ్ళారన్న మాట కంపోజిటర్‌కు నోటిదాకా వచ్చింది. అడిగితే తన మీదికీ చూపు మళ్ళుతుంది, పిల్ల చదువు ఆగుతుంది. ఆ మాట మింగేసి, ప్రూఫు అందుకుని, "చదవండి" అంది.