ఒంటి వేడి

ఆమె గ్లవ్స్ మీద స్పిరిట్ చల్లుకుని ఇంకో డిష్ మూత తీసింది. మూత తీసిన డిష్ మీద మాట్లాడకూడదు, తుంపర పడితే బూజు పట్టేస్తుంది. అసలే నోట్లో నాలుక లేని మనిషి. ఈ ల్యాబ్‌లో చేరాక ఉన్న ఆ కాస్త మాటా పోయింది.

డిష్‌లో గులాబీ రంగు పోషక ద్రవం, అందులో మిరియపు గింజంత తెల్లటి ఉండలు. చర్మంలోని కణాలను మూలకణాలుగా మార్చి ఒంటి వేడిలో నెలల తరబడి పెంచితే అవే ఉండకట్టి, పొరలు పొరలుగా చర్మమై, చివరికి వెంట్రుకలు కూడా మొలుస్తాయి. రోజు విడిచి రోజు పాత ద్రవం తీసి కొత్తది పొయ్యాలి. ఆమె ఉద్యోగమంతా అదే. పెళ్ళి ఊసెత్తిన వాళ్ళతో, "వీటికి సెలవుల్లేవు" అనేది.

కిందటేడు దాతలు దొరక్కపోతే తమ్ముణ్ణి బతిమాలి తీసుకొచ్చింది. చెవి వెనక గోరంత చర్మం ఇచ్చి, "తోలు తీస్తానని చిన్నప్పట్నుంచీ అంటూనే ఉన్నావు. ఇన్నాళ్ళకి తీశావు" అన్నాడు.

తర్వాత జబ్బు బయటపడింది. మందులకి అతని జుట్టంతా రాలిపోయింది. డిష్‌లో మాత్రం నల్లగా మొలిచింది. ఆదివారం ఆస్పత్రిలో ఆ సంగతి చెబితే కళ్ళు తెరవకుండానే నవ్వి, "అక్కడన్నా సరిగ్గా దువ్వక్కా" అన్నాడు.

ఆ బ్యాచ్‌కి ఇవాళ్టితో గడువు అయిపోయింది. అన్నిట్లోనూ ఫార్మలిన్ పోసి చంపేసి, కోసి చూడాలి. పొద్దున్నే ల్యాబ్ నడిపే మేడమ్‌ని అడిగింది.

"ఒక్క డిష్ ఉంచుకోవచ్చా మేడమ్?"

"ఎందుకండీ?"

"ఇంకా పెరుగుతోంది."

"పెరిగినా మనకి పనికిరాదు. సాయంత్రానికి అన్నీ కానిచ్చెయ్యండి."

తమ్ముడిదని చెప్పలేదు. దాత ఎవరో తెలిసినట్టు ఉండకూడదు. చెప్పినా ఏం లాభంలే అనుకుంది.

ఒక్కో డిష్‌లో ఫార్మలిన్ పోసుకుంటూ వచ్చింది. బాధ కలగలేదు, మనసు ఎప్పుడో మొద్దుబారిపోయింది. చివరి డిష్ దగ్గర చెయ్యి అలవాటుగా గులాబీ రంగు సీసా అందుకుంది. పోశాకగానీ చూసుకోలేదు. చూసుకున్నాక కూడా ఫార్మలిన్ జోలికి పోకుండా మూత పెట్టి, ఇన్‌క్యుబేటర్‌లో దాని చోట దాన్ని పెట్టేసింది.

బయటికొచ్చి లాకర్‌లోంచి ఫోన్ తీస్తే అన్నీ మరదలి మిస్డ్ కాల్సే. తిరిగి చేసింది.

"వదినా, ఆయన మధ్యాహ్నం పోయారు. మీకు ఎన్నిసార్లు చేశానో."

"లోపలికి ఫోన్ తీసుకెళ్ళనివ్వరమ్మా" అంది. ఏడుపు రాలేదు. రానందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

గుమ్మం దగ్గర మేడమ్ ఎదురైంది. "అన్నీ అయిపోయాయా?"

"అయిపోయాయండీ" అని చెప్పులేసుకుంది.

వెనకాల ల్యాబ్‌లో లైట్లు ఆరిపోయాయి. ఇన్‌క్యుబేటర్ పై అరలో, ఒంటి వేడిలో, ఆ డిష్ ఉంది. కొత్తగా పోసిన ద్రవంలో కనురెప్ప వెంట్రుకంత నల్లటి వెంట్రుక ఉంది.