అడ్డగీత

జొహానెస్‌బర్గ్ వదిలి లండన్‌లో దిగిన నాడు సామ్యూల్ మొలెఫె దగ్గరున్నవి మూడు ఉలులు, చొక్కాలో చుట్టిన, అచ్చుబొమ్మ చెక్కిన ఒక లినోలియం పలక. యాభై ఏళ్లు గడిచాక, క్రోయిడన్‌లో సర్కారు అద్దెకిచ్చిన అతని కౌన్సిల్ ఫ్లాట్‌లో, ఆ పలకే శుభాకర్ ముందు బల్ల మీద ఉంది. దాని మీద చెక్కింది గని కూలీల వరస. చేతులెత్తి సోదాకు నిలబడ్డవాళ్లు.

శుభాకర్‌ది పటాలు కట్టే కొట్టు. పొద్దుట్నుంచీ డెలివరీలు తిరిగి నడుం పట్టేసింది. ముసలాయన్ని చూసుకునే కేరర్ శుభాకర్ భార్య ప్రేమలీలే. ఇక్కడి ఒక గ్యాలరీ యజమాని శుభాకర్‌తో ముసలాయనకు కబురంపాడు: ఈ పలకతో కొత్తగా నలభై ప్రతులు అచ్చువేసి, పాత తేదీతో సంతకం పెడితే ఇరవై వేల పౌండ్లు. పటాల పని శుభాకర్‌కే. దాంతో కొట్టు ఇంకో ఏడాది నిలబడుతుంది.

ఈ బొమ్మకి ఇరవై ఐదే ప్రతులని అప్పట్లో చెప్పి అమ్మారు. ఆ లెక్క పూర్తయ్యాక, మళ్లీ అచ్చెయ్యడానికి వీల్లేకుండా పలక మీద అడ్డగీత కొట్టెయ్యడం ఆ పనివాళ్ల కట్టుబాటు. పోలీసులకు దొరక్కుండా పారిపోయే తొందరలో మొలెఫె కొట్టలేదు. మిగిలిన బొమ్మల పలకలు జొహానెస్‌బర్గ్ గ్యాలరీలోనే ఉండిపోయాయి. వాటితో వాళ్లెన్ని అచ్చేసుకున్నారో ఆయనకే తెలియదు.

హీటర్ ఆపేసి, ముసలాయన ఇంట్లోనే కోటు వేసుకుని కూర్చున్నాడు.

"పలక మీదే, చెయ్యీ మీదే అంకుల్. ఇందులో తప్పేముంది?" అన్నాడు శుభాకర్ ఇంగ్లీషులో.

మొలెఫె తన మొదటి ప్రదర్శన సంగతి చెప్పాడు. నల్లవాళ్లకు అతిథులుగా ప్రవేశం లేదు. అక్కడి గ్యాలరీ యజమాని మొలెఫెకి వెయిటర్ తెల్లకోటు తొడిగి, చేతికి ట్రే ఇచ్చాడు. మొలెఫె తన బొమ్మల మధ్యే తిరుగుతూ వైన్ అందించాడు.

"నా బొమ్మ కొన్నావిడ నా ట్రేలోంచే గ్లాసు తీసుకుంది. ఇది వేసినవాడు ఇంకా బతికే ఉన్నాడా అని మొగుణ్ణి అడిగింది."

ప్రేమలీల మాత్రలు లెక్కపెడుతూ మొగుడి వైపు తల తిప్పింది. "మళ్లీ ఆ ట్రే పట్టించడానికొచ్చారేంటండీ?"

"నీకేం, నెల తిరిగేసరికి జీతం పడుద్ది. కొట్టద్దె ఎవడు కడతాడు?"

ముసలాయన ఉలి తీశాడు. పలక జరక్కుండా పట్టుకోమన్నాడు. శుభాకర్ ఒక్క క్షణం ఆగి, రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

ఉలి రెండుసార్లు జారింది. మూడోసారి గీత ఈ మూలనుంచి ఆ మూలకు, ఎత్తిన చేతులన్నిటి మీదుగా పోయింది. గీత పడిందనడానికి సాక్ష్యంగా మొలెఫె సిరా పూసి ఒక్క ప్రతి తీశాడు, సంతకం పెట్టాడు, పటం కట్టమన్నాడు.

శుభాకర్ టేపు తీసి కొలిచాడు. నలభై పటాలు పోయాయి. చేతికొచ్చింది ఒక్క తడి కాగితం. దాని మూల ఇవాళ్టి తేదీ ఉంది.