ఏ డబ్బాలో ఏముందో

నేను ఒక మౌసుని. తోక ఉన్న పాతకాలపు మౌసుని. ఈమధ్య తోకల్లేని వాళ్ళు వచ్చి, కడుపులో బ్యాటరీ పెట్టుకుని బల్లల మీద తెగ తిరుగుతున్నారట. తిరగనివ్వండి. నాకు ఎడమ మీట ఒకటి, కుడి మీట ఒకటి, మధ్యలో ఒక చక్రం, పొట్ట కింద ఎర్రటి దీపం ఉన్నాయి. ఎక్కడో సముద్రాల అవతల ఫ్యాక్టరీలో ఒకతను నన్ను రెండుసార్లు నొక్కి చూసి, ప్రాణం ఉందని నమ్మకం కుదిరాక అట్టపెట్టెలో పడేశాడు. నా పుట్టుక గురించి నాకు తెలిసింది ఇంతే.

కళ్ళు తెరిచేసరికి ఒంగోల్లో ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో ఉన్నాను. అక్కడ చేరినవాళ్ళు మొదట్లో నన్ను తేలుని ముట్టుకున్నట్టు ముట్టుకునేవాళ్ళు. ఒక పెద్దాయనైతే బాణం గుర్తు పైకి జరపమంటే నన్ను బల్ల మీంచి ఎత్తి గాల్లో పట్టుకుని నిలబడ్డాడు. కొన్నాళ్ళకి శిక్షణ కేంద్రం వాళ్ళు బోర్డు పీకేసి, ఆ గదిలో టిఫిన్ సెంటర్ పెట్టుకున్నారు. ఇడ్లీలకి మౌసుతో పనేముంది? కంప్యూటర్‌తో పాటు నన్నూ అమ్మేశారు. అలా కోదండపాణి గారి కుడిచేతి కిందికి వచ్చి పడ్డాను.

కోదండపాణి గారు ప్రభుత్వాఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. అక్కడ ఆయన కుర్చీలోంచి లేవకుండా "ఫలానా ఫైలేదీ?" అంటే అటెండరు తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. ఫైళ్ళు ఏ బీరువాలో పుడతాయో ఆయనకి తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ రాలేదు. రిటైరయ్యాక తన ఉద్యోగ జీవిత అనుభవాలన్నీ గ్రంథంగా రాస్తానని అందరికీ చెప్పి కంప్యూటర్ కొన్నారు. 'తొలిపలుకు' అన్న మాట ఒకటి టైపు చేశారు. రెండో మాట కోసం ఆలోచిస్తూ అక్కడా ఇక్కడా నొక్కుతుంటే కనిపించిందండీ పాడుబడ్డ బంగళా ఆట. తెలుగు సాహిత్యానికి ఎంత నష్టం జరిగిందో, ఎంత మేలు జరిగిందో నేను చెప్పలేను.

ఆటలో ఒక పాత బంగళా ఉంటుంది. గది గదికీ చిందరవందరగా సామాను. దువ్వెన, గొడుగు, చేపముల్లు, పగిలిన గడియారం, గుడ్లగూబ ఈక. కింద కొన్ని వస్తువుల పేర్లుంటాయి. అవి ఆ చెత్తలో ఎక్కడున్నాయో కనిపెట్టి నొక్కాలి. నొక్కితే గంట మోగుతుంది, బంగళా యజమాని ఎలా మాయమయ్యాడన్న రహస్యం ఇంత ముక్క బయటపడుతుంది. అంత చెత్త మధ్య ఉండలేక లేచిపోయి ఉంటాడని నా అనుమానం, కానీ నన్నెవరడిగారు?

కోదండపాణి గారు ఆ ఆటలో ఘనాపాఠి. పరదా మడతలో నీడలా కలిసిపోయిన గుడ్లగూబ ఈకని కూడా పట్టేసేవారు. ఎప్పుడైనా చిక్కకపోతే మూలనున్న బల్బు బొమ్మ నొక్కేవారు. నొక్కగానే ఆ వస్తువు తళుక్కుమని "ఇదిగో ఇక్కడున్నా" అన్నట్టు మెరిసేది. ఆ బల్బంటే ఆయనకి ప్రాణం.

ఇంట్లోనూ ఆయనకి అలాంటి బల్బు ఒకటుంది. పేరు హైమావతి. ఆయన భార్య.

"హైమా, గోళ్ళు తీసుకునేదేదీ?" అని కుర్చీలోంచి కేకేస్తారు.

"అలమర్లో రెండో అర, ఎడం పక్క, బొత్తాల డబ్బా కింద," అని వంటింట్లోంచి కుక్కర్ కూత మధ్యలో జవాబొస్తుంది.

"ఇక్కడ లేదే!"

"నేనొచ్చానంటే ఉంటదండీ."

ఆవిడ వచ్చేది, అది ఉండేది. తెర మీద గుడ్లగూబ ఈకని పట్టిన ఆ కళ్ళకే చేతికి ఆనుకుని ఉన్న గోళ్ళ కత్తెర కనిపించేది కాదు. ఇదేం చూపో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తే నేను హైమావతి గారి చేతికి వచ్చేదాన్ని. ఆవిడది రత్నాలాట. రంగురంగుల రాళ్ళలో ఒకే రంగువి మూడు వరసగా చేరిస్తే ఠపీమని మాయమైపోతాయి. "అమ్మయ్య, పోయినయ్యి," అనుకునేవారు. అంతలోనే పైనుంచి కొత్తవి జలజలా పడేవి. "మళ్ళీ వచ్చినయ్యా! అంట్లగిన్నెల్లాగా దాపురించినయ్ గదా," అని తిట్టేవారు. తిడుతూనే ఆడేవారు. ఆవిడ చెయ్యి తేలిక. ఆయన పిడిగుద్దులు తిన్న నా ఎడమ మీటకి అది కాస్త కాపడం పెట్టినట్టుండేది.

ఇక్కడ వంటింటి గురించి చెప్పాలి. నా బల్లకి ఎదురుగా ఉన్నది అదే. హైమావతి గారు జన్మలో ఒక డబ్బాని పారేసి ఎరగరు. కాఫీపొడి సీసాలో జీలకర్ర ఉంటుంది. ఐస్‌క్రీం డబ్బాలో చింతపండు. బిస్కెట్ల డబ్బాలో సూదీ దారం. 'షుగర్' అని చెక్కి ఉన్న స్టీలు డబ్బాలో ఇడ్లీ రవ్వ, ఎందుకంటే దాని మూత బిగువు, పురుగు పట్టదు. ఏదైనా ఖాళీ అయితే కడిగి ఎండబెట్టి, అప్పటికి చేతికి అందిన సరుకు అందులో పోస్తారు. ఆ వీధిలో ప్రతి ఇంటి ఇల్లాలిదీ ఇదే పద్ధతి. డబ్బా మీద రాసింది చదివి లోపల అదే ఉంటుందనుకునేవాడు ఆ ఇంటికి చుట్టమైనా అయ్యుండాలి, మగవాడైనా అయ్యుండాలి.

హైమావతి గారికి చక్కెర జబ్బు. పొద్దున్నే ఇన్సులిన్ సూది వేసుకుని, వెంటనే టిఫిన్ తినాలి, లేకపోతే ఒంట్లో చక్కెర పడిపోతుంది. ఒకరోజు సూది వేసుకున్నారో లేదో కుళాయి నీళ్ళొచ్చాయి. మా వీధికి నీళ్ళు రావడమంటే పండగే. టిఫిన్ మానేసి డ్రమ్ములు, బిందెలు, చివరికి చెంబులు కూడా నింపుకున్నారు. అన్నీ నిండాక చెమటలు కారుతూ వంటింటి గుమ్మం పట్టుకున్నారు.

"ఏమండీ, ఒళ్ళంతా వణుకుతోంది. పంచదార..."

"ఒక్క నిమిషం హైమా," అన్నారు కోదండపాణి గారు తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "ఒక్క వెండి కొవ్వొత్తి స్టాండే మిగిలింది."

అప్పుడు నేను ఆయన చేతిలోనే ఉన్నాను. ఆ స్టాండు దొరికింది, గంట కూడా మోగింది. తల తిప్పి చూసేసరికి హైమావతి గారు గుమ్మంలో గోడకి ఆనుకుని కూలబడి ఉన్నారు.

ఆయన వంటింట్లోకి పరుగెత్తారు. "హైమా, పంచదారేదీ?" అని అరిచారు. అలవాటు చొప్పున బల్బు నొక్కారన్నమాట. బల్బు పలకలేదు. చదువుకున్నవాడు కదా, 'షుగర్' అన్న డబ్బా తీసి, రెండు చెంచాలు నీళ్ళలో కలిపి ఆవిడ నోట్లో పోశారు. ఆవిడ కక్కేశారు.

"రవ్వ," అన్నారు. అంత నీరసంలోనూ ఆ మాటలో చీదరింపు స్పష్టంగా వినిపించింది.

ఇక చూడండి. ఒక డబ్బా తెరిస్తే బియ్యప్పిండి. ఇంకోటి తెరిస్తే సోడా ఉప్పు. తెల్లగా ఉన్నవాటినల్లా నాలుక మీద వేసుకుని ఊస్తున్నారు. ఆటలో తోచకపోతే కనబడ్డ చోటల్లా నొక్కేయడం ఆయనకి అలవాటు. అక్కడా అదే చేశారు. ఆవాల సీసా కిందపడి పగిలింది. ఆవాల మీద కాలేసి ఆయనా పడ్డారు. లేచి కిటికీలోంచి "మస్తాన్‌బీ! అమ్మా మస్తాన్‌బీ!" అని పెట్టిన కేకలో ఏడుపు ఉంది.

మస్తాన్‌బీది ఎదురు పోర్షను. జాకెట్లు కుడుతుంది. మెడలో టేపుతోనే పరుగెత్తుకొచ్చింది. హైమావతి గారిని చూసింది, వంటింటి అరల వంక ఒక్కసారి చూసింది.

"అక్క డబ్బాల్లో నేనేం వెతకను సారూ, పొద్దుపోద్ది," అని వెనక్కి తిరిగి తన ఇంటికి పరుగెత్తింది. గ్లాసు నిండా పంచదార నీళ్ళతో వచ్చి, తల ఒళ్ళో పెట్టుకుని గుక్క గుక్కగా తాగించింది.

కాసేపటికి హైమావతి గారు కళ్ళు పూర్తిగా తెరిచారు. గచ్చు మీద పరుచుకున్న ఆవాలు చూశారు. "రవ్వ కూడా పారబోశారా?" అని అడిగారు.

సాయంత్రం ఆసుపత్రి నుంచి వచ్చాక ఆవిడ మస్తాన్‌బీకి అంతా చెప్పారు. "ఇంకోసారి ఇట్టా స్పృహ తప్పిందాకా పోతే ప్రమాదం అన్నాడమ్మా డాక్టరు. ఇంట్లో తోడెవరుంటారు అని అడిగాడు. ఈయన నేనుంటాగా అన్నారు. అయితే ఇంకేం భయంలేదన్నాడు."

ఆడవాళ్ళిద్దరూ పడీ పడీ నవ్వారు. కోదండపాణి గారు నా ముందు కూర్చుని ఉన్నారు. ఆయన నవ్వలేదు. బంగళా తలుపు తెరుచుకుని ఉన్నా నన్ను కదపలేదు. ఆయన అరచెయ్యి చల్లగా తడిసిపోయింది. ఆయనకి భయం వేసింది. పెళ్ళాం చచ్చిపోతుందేమోనన్న భయం, అది తన చేతుల్లోనేనేమోనన్న భయం. మనుషుల మీద ఎంత వెటకారం ఆడినా, ఆ పూట ఆ చేతిని చూసి నాకు జాలేసింది.

మర్నాడు ఆయన ఆఫీసు బుర్ర పనిచేసింది. తెల్లకాగితాలు కత్తిరించి, ముత్యాల్లాంటి అక్షరాలతో పేర్లు రాసి, డబ్బాలన్నిటికీ జిగురుతో అంటించారు.

"ఇది వంటిల్లా, మీ రికార్డు రూమా?" అని హైమావతి గారు నడుం మీద చేతులేసుకున్నారు. "మెంతులైపోయినయ్. ఈ డబ్బా కడిగి శనగపప్పు పోస్తా. అప్పుడు మీ కాగితం ఏం చేస్తది?"

"పోయకే. మెంతుల డబ్బాలో మెంతులే పోయొచ్చుగా!"

"మెంతులు తెచ్చిందాకా డబ్బా ఖాళీగా కూచోవాలా?"

వారం తిరక్కుండా కాగితాలు కడుగుళ్ళలో కొట్టుకుపోయాయి. డాక్టర్ చెప్పాడని గ్లూకోజు ప్యాకెట్ తెచ్చిస్తే, చీమలు పడతాయని ఆవిడ దాన్ని కూడా పాత ఆవకాయ సీసాలో పోశారు. ఆయనకి దారి ఒక్కటే మిగిలింది. రోజూ వంటింట్లోకి వెళ్ళడం.

వెళ్ళారండీ. డబ్బాలు తుడవడం, ఎండలో పెట్టడం, ఏది ఎందులోకి మారిందో చూసుకోవడం. చివరికి పోపు కూడా పెట్టారు. మొదటి పోపుకి వీధిలో అందరూ దగ్గారు. ఆయన అక్కడుంటే పొద్దుటిపూట కూడా నేను హైమావతి గారి చేతికి దక్కాను. రత్నాలు జోరుగా పేలేవి.

"హైమా, ధనియాలేవీ?"

"వెతుక్కోండి."

"చెప్తే నీ సొమ్మేం పోయింది?"

ఆవిడ పలికేవారు కాదు. కసి అనుకునేరు, కాదు. "చెప్తే ఆయనకి ఎట్టా తెలుస్తది మస్తాన్‌బీ?" అని ఒకరోజు అన్నారు. "నేను నోరు విప్పలేని రోజే గదా ఆయనకి తెలియాల్సింది." చెప్పకుండా ఉండడం ఆవిడకి ఎంత కష్టమో నాకు తెలుసు. లోపల మూతల చప్పుడు వినిపిస్తుంటే నా మీద ఆవిడ వేళ్ళు బిగుసుకుపోయేవి. తెర మీద రత్నాలు అలాగే ఉండిపోయేవి, ఆట ఓడిపోయేవారు. పెదవి మాత్రం విప్పేవారు కాదు. "ఆఁ, దొరికినయ్!" అని లోపల్నుంచి వినబడ్డాకే ఊపిరి వదిలేవారు.

వానాకాలం మొదలయ్యాక ఒక రోజు. మస్తాన్‌బీ పుట్టింటికి వెళ్ళింది, ఎదురు పోర్షనుకి తాళం. మనిషి మనిషే కదా, కోదండపాణి గారు మళ్ళీ బంగళాలో ఉన్నారు. చివరి గది. మాయమైన యజమాని ఆచూకీ ఆ గదిలోనే తేలుతుంది. ఇక ఒక్క వస్తువే మిగిలింది, ఆయన బాణం దాని మీదికి చేరింది కూడా.

వెనక గదిలో బట్టలు మడత పెడుతున్న హైమావతి గారు "ఏమండీ," అన్నారు. అంతే. పంచదార అనలేదు, గ్లూకోజు అనలేదు. ఆ పిలుపు మాత్రం ముద్దముద్దగా ఉంది.

ఆయన లేచిన ఊపుకి నేను బల్ల మీంచి ఎగిరి గోడకి కొట్టుకుని, తోక పట్టుకుని తలకిందులుగా వేలాడాను. నా మొహం గోడ వైపు. ఇంక నాకు కనిపించింది ఆ గోడ మీద నా ఎర్రటి దీపం మాత్రమే. వినగలిగిందే విన్నాను. అడుగులు వంటింట్లోకి పోయాయి. ఒక మూత తెరుచుకుంది. ఒక్కటే. రెండో మూత చప్పుడు కోసం ఎదురుచూశాను, రాలేదు. గ్లాసులో చెంచా గిరగిరా తిరిగింది. అడుగులు వెనక గదిలోకి వెళ్ళాయి. పైన తెర మీద టైమైపోయి, ఓడిపోయినప్పుడు వచ్చే ఏడుపు సంగీతం మోగి ఆగిపోయింది.

చివరికి హైమావతి గారి గొంతు వచ్చింది. "ఇంత పలచగానా కలిపేది? ఇంకో చెంచా వెయ్యండి."

ఆ మాటకి కోదండపాణి గారు బావురుమన్నారు. ఆవిడ ఊరుకోబెడుతున్నా వినకుండా చంటిపిల్లాడిలా ఏడ్చారు.

గోడకి తగిలిన ఆ దెబ్బకి నా ఎడమ మీట విరిగింది. ఎంత నొక్కినా పలకలేదు. కొత్త మౌసు వచ్చింది, నేను పాత సామాన్ల కొట్టుకి చేరాను. ఇక్కడ గోనెసంచిలో నాలాంటి వాళ్ళు బోలెడుమంది. ఒకతను బ్యాంకులో పెద్ద పెద్ద లావాదేవీలు నడిపాడట. ఇంకొకతను కలెక్టరాఫీసులో పుట్టి పెరిగాడట. నీ గొప్పేమిటని నన్నూ అడిగారు.

బంగళా యజమాని ఏమయ్యాడో మాకు చివరిదాకా తెలియలేదని చెప్పాను. అదేం గొప్ప అని అందరూ నవ్వారు. మీ అందర్నీ మీ యజమానులు పని పూర్తయ్యేదాకా పట్టుకున్నారు, నన్ను మాత్రం మా కోదండపాణి గారు మధ్యలోనే వదిలేశారు, అందుకే ఆ ఇంట్లో ఆవిడ ఇంకా రత్నాలాట ఆడుకుంటున్నారు అన్నాను.