పద్నాలుగో కుర్చీ

నౌకాదళంలో పనిచేసిన చెవిటి పెద్దమనిషి పేరు చీటీని ఎనిడ్ ప్రౌజ్ విందు బల్ల మీద ఎడమవైపుకు జరిపింది. ఆయనకు వినబడేది కుడిచెవికి మాత్రమే. విడాకులైన జంట మధ్య ఎత్తైన పూలకుండీ పెట్టించింది. లేడీ టార్వెల్ ఇంట ఆహ్వానాలూ విందులూ చూసే సెక్రటరీ ఆమె. జుట్టు ఈ పనిలోనే నెరిసింది.

లండన్‌లో ఆ ఇంటి విందంటే ఒకప్పుడు మాటలా! వీధి మలుపు దాకా కార్లు బారులు తీరేవి. ఇప్పుడు ఇల్లు అమ్ముడైపోయింది. ఈ రాత్రిదే ఆఖరి విందు.

ఎనిడ్ గది తలుపు వెనక ఎప్పుడూ ఒక నల్ల సిల్కు గౌను వేలాడుతుండేది. అతిథి ఎవరైనా రాలేక బల్ల దగ్గర పదమూడుగురు మిగిలితే అపశకునం. ముందు లేచినవాళ్లు ఏడాది తిరక్కుండా పోతారని లేడీ టార్వెల్‌కు ప్రాణభయం. అలాంటప్పుడు పైకి కబురొచ్చేది. ఎనిడ్ గౌను తొడుక్కుని పద్నాలుగో మనిషిగా కూర్చునేది. ఆటలో అరటిపండు! ఒక్కసారైనా తనను తనకోసం పిలిస్తే బాగుండునని ఆమెకు ఎంత ఆశో. నోరు తెరిచి అడిగితే కదా.

సాయంత్రం బట్లర్ గిబ్స్ వచ్చాడు.

"మిస్ ప్రౌజ్ గారూ, గౌను వేసుకోమన్నారు."

"ఎవరు రావట్లేదు?"

"అందరూ వస్తున్నారండీ. అమ్మగారితో కలిపి మీరు రాసిన ఆ పన్నెండుగురే."

ఎనిడ్ గబగబా కిందికి దిగింది.

"అమ్మగారూ, నేను కూర్చుంటే పదమూడవుతాం!"

"నాకు లెక్క రాదనుకున్నావా?" అంది ముసలావిడ. "ఇన్నేళ్లూ లెక్క సరిపెట్టడానికి పిలిచాను. ఈ పూట లెక్క చెడితే చెడనీ. నా పక్కన కూర్చుని, నోరు మూసుకుని సూపు తాగు."

అన్ని చీటీలూ ఎనిడ్ గుండ్రటి చేతిరాతే. తన కుర్చీ ముందున్నది మాత్రం ముసలావిడ రాసింది. అది చూసి ఎనిడ్‌కు కళ్లు నిండి, చెంచాలోని సూపు చీటీ మీద తొణికింది.

కాఫీ అయ్యాక ఒక్కరూ లేవలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఎవరో ఒకరు లేవాలిగా, ఆ పోయేదేదో తనే పోతే సరి అనుకుని ఎనిడ్ కుర్చీ వెనక్కి జరిపింది. ముసలావిడ ఆమె మణికట్టు పట్టి ఆపింది.

"కూర్చోవే పిచ్చిదానా! ఈ ఇంట్లో ముందు లేచేది ఎప్పుడూ నేనే."

కర్ర ఊతంతో, నవ్వుతూ లేచి నిలబడింది.

వసంతం రాకముందే ఆమె నిద్రలో కన్నుమూసింది.

ఎనిడ్ అద్దెగదిలో అద్దం అంచున ఇప్పటికీ ఆ చీటీ ఉంది, వంకరటింకర అక్షరాల్లో తన పేరుతో, మూలన ఆరిన సూపు మరకతో.