వేరు గ్లాసు

ఆయన ముఖం తుడుచుకోకముందే కొడుకు చెయ్యి చాపాడు.

"నాన్నా, రేజరిలా ఇవ్వు."

నురగ కడిగి ఇచ్చాడు. రోజూ ఇదే తంతు. పెళ్లయినా సొంత రేజరు కొనని పిసినారి వెధవ అని పైకి విసుక్కుంటాడు గానీ, లోపల ఒకటే సంబరం. హెపటైటిస్ బి అని డాక్టరు చెప్పిన నాటి నుంచి ఆ ఇంట్లో ఆయన కంచం వేరు, గ్లాసు వేరు. సొట్టపోయిన ఆ స్టీలు గ్లాసును కోడలు కొంగుతో పట్టుకుని కిటికీలో బోర్లిస్తుంది. ఆయన వస్తువుల్లో ఇంకొకరు ముట్టుకునేది రేజరొక్కటే.

బస్సుల షెడ్డులో సీట్లు కుట్టడం ఆయన పని. చిరిగిన రెగ్జిను కింద స్పాంజి సర్ది, దబ్బనం గుచ్చి, దారం బిగించి లాగుతాడు. వేళ్లు కాయలు కాచాయి, కళ్లు పచ్చబడ్డాయి. పొట్ట ఉబ్బి ఒంగనివ్వడం లేదు.

"ఏం మేస్త్రీ, స్పాంజంతా పొట్టలో దాస్తున్నావా?" అన్నాడు మెకానిక్కు. ఆయనా నవ్వేశాడు.

మధ్యాహ్నం ఆసుపత్రిలో నర్సు మందులిస్తూ, "ఇంట్లోవాళ్లకి రక్తపరీక్ష చేయించారా?" అని అడిగింది.

"ఎందుకమ్మా, నా కంచం గ్లాసు వేరే కదా."

"కలిసి తింటే రాదు పెద్దాయనా. రక్తంతో వస్తుంది. వాడిన సూది, బ్లేడు, రేజరు. కాపురంలో వస్తుంది, కాన్పులో తల్లి నుంచి బిడ్డకి వస్తుంది. జబ్బు లేనివాళ్లు టీకా వేయించుకుంటే భయం లేదు."

మొదట్లో డాక్టరు చెప్పిందీ ఇదేనేమో, అప్పటి భయంలో చెవికెక్కలేదు. పొద్దున గడ్డం కింద తెగినచోట వేలు పెట్టుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. మురిసిపోతూ రోజూ కొడుకు చేతికి ఇచ్చింది ఈ జబ్బునా? చెబితే ఆ ఒక్క దగ్గరితనమూ పోతుంది. చెప్పకపోతే తాను తండ్రే కాదు.

సాయంత్రం గడపలోనే, తలెత్తకుండా చెప్పేశాడు.

"నా రేజరు ముట్టకురా. రేపే నువ్వూ అమ్మాయీ రక్తం చూపించుకోండి. ఈ జబ్బు రేజరుతో అంటుతుందట. గ్లాసుతో కాదట."

కొడుకు చెంప తడుముకున్నాడు. అది చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది ఆయనకి. కోడలు కిటికీ వైపు చూసి చూపు తిప్పుకుంది.

ఇద్దరికీ ఏమీ లేదని తేలింది. టీకా మొదటి డోసు వేయించుకుని వచ్చి చెబితే, ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చాడు. ఆ వారంలోనే ఒక తెల్లవారుజామున నిద్రలో పోయాడు.

ఆ గ్లాసు తీసి అందరి గ్లాసుల్లో కలపాలని కోడలు రోజూ అనుకుంది. కలిపితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని సిగ్గుపడింది. రేపు చూద్దాంలే అనుకుంటూనే ఉండిపోయింది. సొట్ట గ్లాసు ఇంకా కిటికీలోనే బోర్లా ఉంది.