సామెర్ తండ్రి

బుధవారం ఉదయం తొమ్మిదింటికి జుహైర్ పరీక్ష గదిలో కూర్చుని దగ్గడం మొదలుపెట్టాడు. ఇర్బిద్ పట్టణంలో ఫ్యామిలీ డాక్టర్లకిచ్చిన శిక్షణ ఎంతవరకు ఫలించిందో తేల్చే పరీక్ష అది. అతనిది రోగి వేషం. డాక్టర్లు ఒక్కొక్కరే వస్తారు. కళ్లలోకి చూసి మాట్లాడారా, చెప్పేది చివరిదాకా విన్నారా, ఇంట్లో ఎవరున్నారని అడిగారా అన్నది చూసి అతను మార్కులు వేస్తాడు.

బేకరీలో పొయ్యి దగ్గర పని మానేశాక దొరికిన పని ఇది. పెళ్లి చేసుకోలేదు. వీధిలో అతని ఈడువాళ్లందరినీ పెద్దకొడుకు పేరు కలిపి ఫలానావాడి తండ్రి అని పిలుస్తారు. అతన్ని జుహైర్ అంటారు. ఈ గదిలో మాత్రం అతను అబూ సామెర్, సామెర్ తండ్రి. వేషం కాగితంలో అలా రాసి ఉంది.

“కాస్త మెల్లగా దగ్గండి అబూ సామెర్, నిజం డాక్టర్ని పిలవాల్సొస్తుంది,” అంది పరీక్ష నడిపే హిబా గుమ్మంలోంచి.

“ఇంతమంది ఉన్నారు, ఒక్కరూ నిజం కాదా?”

మధ్యాహ్నం లుజైన్ అనే డాక్టరమ్మ వచ్చింది. దగ్గు గురించి అడుగుతూ ఆగిపోయింది. వంగి అతని మేజోడు కిందికి లాగి, చీలమండ పైన వాపుని వేలితో నొక్కింది. గుంట పడింది. అది పూడలేదు.

“ఇది మీ కాగితంలో ఉందా బాబాయ్?”

జుహైర్ తలుపు వైపు చూశాడు. వేషం మధ్యలో వదిలేసినవాళ్లను మళ్లీ పిలవరు.

“కాలికేం కాలేదమ్మా. దగ్గు సంగతి అడుగు.”

“దగ్గు ఎక్కడికీ పోదులెండి. పడుకుంటే ఆయాసమొస్తోందా?”

అతను మేజోడు పైకి లాక్కున్నాడు. కొన్ని వారాలుగా కూర్చునే నిద్రపోతున్నాడు.

“నటన పక్కన పెట్టండి. నిజంగా ఇంట్లో ఎవరున్నారు?”

“సామెర్ ఉన్నాడు.”

“నిజంగానా?”

“నా కొడుకమ్మా! వాడు లేకపోతే నేనెవర్ని?”

“అయితే ఇవాళే ఆస్పత్రికి తీసుకెళ్లమనండి. నేను చెప్పానని చెప్పండి. బద్ధకిస్తే నాతో మాట్లాడించండి, నాలుగు వడ్డిస్తాను.”

“వాడు మాట వింటాడులే.”

టైమైపోయిందని గంట మోగింది. దగ్గు గురించి అడగాల్సినవి సగం మిగిలిపోయాయి. కాలు చూసినందుకు మార్కులు లేవు. ఇంట్లో ఎవరున్నారని అడిగారా అన్నచోట జుహైర్ అవునని పెట్టాడు.

సాయంత్రం రొట్టె కొనుక్కుని ఇంటికి వెళ్లాడు. మెట్ల మధ్య ఆగిపోతే కింది వాటా ఆవిడ తలుపు తీసింది.

“ఏం జుహైర్, మెట్లు లెక్కపెడుతున్నావా?”

“ఊపిరి తీసుకుంటున్నా.”

గురువారం అతను పరీక్షకు రాలేదు. హిబా ఫోన్ చేస్తే ఎత్తలేదు. మధ్యాహ్నం కింది వాటా ఆవిడ భర్త తలుపు గడియ విరగ్గొట్టాడు. జుహైర్ కుర్చీలో కూర్చునే చనిపోయి ఉన్నాడు. కిటికీ ఊచకు, ఆ రోజు వేసుకోవడానికని ఇస్త్రీ చేసిన చొక్కా వేలాడుతోంది.